మా వృత్తి గడిలో ‘రైతు’ అని ఎందుకు రాయరు?

పోయిన ఏడాది వానాకాలంలో మా ఊరికి ఒక సర్వే బృందం వచ్చింది. ఆదివాసీ తెగల జీవన విధానం మీద ‘ప్రొఫైల్’ తయారుచేస్తున్నాం అన్నారు. మా అవ్వ అప్పుడే చోడి చేలో కలుపు తీసి ఇంటికొచ్చింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో బొరిగ. అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు అడిగారు. ఏ దేవతను కొలుస్తారు? పెళ్లికి ఓలి ఎంత? పచ్చబొట్టు ఎవరు పొడుస్తారు? జీలుగు కల్లు ఎప్పుడు తాగుతారు? థింసా ఎన్ని రకాలు? అవ్వ ఓపిగ్గా అన్నీ చెప్పింది. చివర్లో ఫోటో తీసేటప్పుడు, “అవ్వా, ఆ బొరిగ పక్కన పెట్టు, ముక్కుపుడకలు కనబడేలా ఇటు తిరుగు” అన్నారు.

గంటసేపట్లో ఒక్కరూ “చేలో ఏం వేశావు?” అని అడగలేదు.

నేను ఆ ఫారం అడిగి చూశాను. ‘ప్రధాన వృత్తి’ అనే గడిలో రాసి ఉంది: ‘అటవీ ఉత్పత్తుల సేకరణ, పోడు’. “మా అవ్వ రైతండీ” అన్నాను. రాసిన అన్న మంచివాడే, నవ్వుతూ చెప్పాడు: “రైతు అని పెడితే కింద పట్టా నంబరు అడుగుతుంది తమ్ముడూ. ఉందా మీకు?”

లేదు. ఆ చేనుకు లేదు. మా తాత తండ్రి దున్నిన చేను అది.

వాళ్లు వెళ్లాక అవ్వ అడిగింది: “ఏటి రాసుకున్నారు బాబూ?” “అడవిలో ఏరుకొని బతుకుతావని రాసుకున్నారు అవ్వా” అన్నాను. అవ్వ చేను వైపు చూసింది. “మరయితే ఈ చోళ్లు ఎవులు పండించినారు?”

ఒక్క ఫారం మీద ఇంత కోపమా అని ఇద్దరు ముగ్గురు మిత్రులు నన్ను అడిగారు. ఔను, ఇంత కోపమే. ఎందుకో చెప్తాను.

మనల్ని మనకంటే ముందు వేరేవాళ్లు పరిచయం చేయడం ఇవాళ మొదలైంది కాదు. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. పరికరం పట్టుకొని మనుషుల తలలు, ముక్కులు కొలిచిన మనిషి అతను. స్వాతంత్ర్యం వచ్చింది, కొలిచే పరికరం మారింది. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగను గుర్తుపట్టడానికి ఐదు లక్షణాలు చెప్పింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, మారుమూల నివాసం, బయటివాళ్లతో కలవడానికి బిడియం, వెనకబాటుతనం. ఐదింటిలో ఎక్కడైనా భూమి ఉందా? పంట ఉందా? బిడియం ఉంది! ఒక జాతి బిడియపడుతుందో లేదో చూసి రాశారు గానీ, ఏం పండించి తింటుందో చూసి రాయలేదు.

దీన్ని మించింది ఇంకోటి ఉంది. 1975 నుంచి కొన్ని తెగలను ‘ఆదిమ తెగలు’ అని విడిగా గుర్తించారు. తర్వాత ఆ పేరు బాగాలేదని ‘ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాలు’ అని మార్చారు. కొండరెడ్లు, కొండ సవరలు, గదబలు, ఖోందులు, పోర్జలు, చెంచులు, కోలాములు, తోటిలు ఆ జాబితాలో ఉన్నారు. ఆ జాబితాలో చేర్చడానికి పెట్టిన కొలమానాల్లో ఒకటి ఏమిటో తెలుసా? ‘వ్యవసాయానికి ముందటి స్థాయి సాంకేతికత’.

వ్యవసాయానికి ముందట! సవరలు కొండవాలును మెట్లు మెట్లుగా కట్టి, రాతి గట్లు పేర్చి, గెడ్డ నీళ్లను ఒక మడి నుంచి ఇంకో మడికి దించి వరి పండిస్తారు. ఆ మెట్ల పొలాలను చూసి వందేళ్ల కిందటి ఇంగ్లీషువాళ్లే మెచ్చుకొని రాసుకున్నారు. ఇంజినీరు లేడు, సిమెంటు లేదు. ఆ మడి గట్టు మీద నిలబడి ఎవరైనా ‘వీళ్లింకా వ్యవసాయం దాకా రాలేదు’ అని రాయగలరా? ఆఫీసులో కూర్చుంటే రాయగలరు.

పథకాల కోసం ఆ జాబితా అవసరమే, అది పోవాలని నేను అనడం లేదు. ఆ సాయం మన హక్కు. కానీ సాయం పొందాలంటే మనం రైతులం కాదని ఒప్పుకోవాలా?

ఇక ఇప్పటి పరిచయాలు చూడండి. అక్టోబరు, నవంబరు నెలల్లో అరకు వైపు కొండవాళ్లన్నీ పసుపు పచ్చగా ఉంటాయి. లక్షలమంది చూసే రీల్స్‌లో ‘ప్రకృతి పరిచిన పూల తివాచీ’ అని రాస్తారు. ప్రకృతి పరచలేదు సార్. అవి వలిసెలు. నూనె గింజ పంట. వానల్లో దున్ని, చల్లి, కాపలా కాసి పెంచిన చేను. మీరు సెల్ఫీ కోసం తొక్కుకుంటూ నడిచింది ఒక ఇంటి ఏడాది నూనె. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. కానీ ఆ కాఫీ గురించి చదివితే కొండ గాలి గురించి, మంచు గురించి, రుచి గురించి ఉంటుంది, పక్కన థింసా ఆడే ఆడవాళ్ల బొమ్మ ఉంటుంది. మొక్కకు కవాతు చేసి, పండు ఒక్కొక్కటే కోసి, బస్తా మోసి దింపిన రైతు, ఆ తోట కింది నేలకు కాగితం ఉందో లేదో అనే ప్రశ్న, ఈ రెండూ ఉండవు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. హాస్టల్లో నేను చోడి అంబలి తాగుతానని చెప్తే నవ్విన ఊళ్లోనే ఇప్పుడు చోడి పిండి ప్యాకెట్లో అమ్ముతున్నారు. తినేవాళ్లకు ‘ఆరోగ్య స్పృహ’ ఉంది అంటారు. పండించినవాళ్లకు మాత్రం ‘ఆచారం’ ఉంది అంటారు.

పత్రికలు మన కొండల పేరు పక్కన ‘రైతు’ అనే మాటను గట్టిగా వాడింది ఎప్పుడో గుర్తుచేసుకోండి. గంజాయి మొక్కలు నరికిన రోజున. పెట్టుబడి పెట్టినవాడు బయటివాడు, కొన్నవాడు బయటివాడు, లారీ బయటిది. జైలుకు పోయి బెయిలు కోసం ఆవును అమ్ముకున్న కుర్రోడు మనవాడు. చోడి పండిస్తే సేకరణ అంటారు, గంజాయి పండిస్తేనా, రైతు అంటారు. ఈ అవమానాన్ని మనం ఎలా మింగుతున్నాం?

అసలు మనవాళ్ల గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చేను దగ్గర. నేను మా అవ్వ మెట్ట చేను గురించే రాస్తాను. ఎకరంన్నర ఉంటుందేమో. అందులో చోడి ఉంది, సామ ఉంది. మధ్య మధ్యలో కంది సాళ్లు. గట్టు మీద కొండజొన్న, దాన్ని పట్టుకొని పాకే చిక్కుడు, బొబ్బర. రాళ్ల కుప్ప మీదికి ఎక్కించిన గుమ్మడి. పైన ఏటవాలుగా ఉన్న ముక్కలో వలిసె. దిగువన గెడ్డ పక్కన నాలుగు మళ్ల వరి.

బయటి కంటికి ఇది కలగాపులగంగా కనిపిస్తుంది. ‘శాస్త్రీయ పద్ధతి తెలియక అన్నీ కలిపి చల్లేస్తారు’ అని నేను చదివిన డిగ్రీ కాలేజీలోనే ఒక పాఠంలో చెప్పారు. అవ్వను అడిగితే ఆమె లెక్క ఇది: సామ ముందు కోతకొస్తుంది, ఆకలి నెలల్లో మొదటి కూడు అదే. తర్వాత చోడి. దాని తర్వాత వలిసె, అది సంతకు పోయి ఉప్పు, బట్ట అవుతుంది. కంది చివర, చలి పోయే ముందు వస్తుంది. వాన ముందే ఆగిపోతే వరి పోతుంది, చోడి నిలబడుతుంది. వాన ఎక్కువైతే సామ పడిపోతుంది, కంది నిలబడుతుంది. కంది, బొబ్బర వేసిన చోట నేలకు బలం. ఏ ఏడాదైనా అన్నీ పోవు. బీమా కంపెనీ లేని చోట మా అవ్వ చేనే ఆమె బీమా. దీన్ని తెలియనితనం అంటారా?

విత్తనం ఎవరి దగ్గర ఉంటుంది? ఆడవాళ్ల దగ్గర. సొరబుర్రలో పోసి, బూడిద కలిపి, పొయ్యి పొగ తగిలే చోట వేలాడదీస్తారు. ఏ చేను చివర ఏ కంకి గట్టిగా ఉందో కోతకు ముందే చూసి గుర్తు పెట్టుకునేది అవ్వే. పెళ్లై వెళ్లిన మా అత్త పుట్టింటి నుంచి చిక్కుడు గింజలు పట్టుకెళ్లింది, ఇప్పుడు ఆ ఊరంతా ఆ చిక్కుడే. అయినా ఏ పరిచయంలోనైనా ఆదివాసీ ఆడమనిషి అంటే నగలు, పచ్చబొట్టు, నాట్యం. విత్తనం కాపాడిన మనిషిగా ఆమె పేరు ఎక్కడ రాశారు?

ఇప్పుడు పండుగల సంగతి. చైత్రంలో మా దగ్గర ఇటుకల పండుగ. ప్రతి ఇంటి నుంచి విత్తనాలు తెచ్చి దేవుడి దగ్గర పెట్టి, కలిపి, మళ్లీ ఇంటింటికీ పంచుకుంటాం. ఆ విత్తనం పట్టుకెళ్లి సొంత విత్తనంలో కలిపి చల్లుతారు. అంటే ఊళ్లో విత్తనం లేని ఇల్లు ఉండకూడదని ఆ పండుగ అర్థం. బయట ఏం రాస్తారు? ‘మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డుకు కర్ర అడ్డం పెట్టి డబ్బులు అడుగుతారు.’ అంతే! విత్తనం ముక్క ఎగిరిపోయింది.

శ్రీకాకుళం, మన్యం వైపు సవరలకు కంది కొత్త ఉంది. కొత్త కందిని పెద్దలకు, దేవుళ్లకు పెట్టకుండా నోట పెట్టరు. కోయలకు, కొండరెడ్లకు భూమి పండుగ ఉంది, విత్తనం నేలలో పడేముందు నేలను అడుగుతారు. మామిడి కొత్త చేయకుండా మామిడి కాయ కొయ్యరు. ‘మూఢ నమ్మకం’ అని నవ్వేవాళ్లకు ఒక మాట. లేత కాయ కోయకుండా, ఒకడు ముందే కోసేసుకొని మిగతావాడికి లేకుండా చేయకుండా, పోలీసు లేకుండా, జరిమానా రసీదు లేకుండా ఒక ఊరిని మొత్తం ఆపగలిగే చట్టం మీ దగ్గర ఒక్కటి చూపించండి.

సవరల ఇళ్ల గోడల మీద బొమ్మలు చూసే ఉంటారు. మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఇంటి పెద్దలను తలుచుకొని, పంట బాగా రావాలని, రోగం రాకూడదని వేసేవి. ఇప్పుడు అవి ఫ్రేము కట్టి హాల్లో గోడకు పెట్టుకుంటున్నారు. కళాకారుడికి నాలుగు రూపాయలు వస్తే నాకు సంతోషమే. కానీ బొమ్మ గోడ మీదికి వచ్చింది, దాని చేను మాత్రం రిజర్వు ఫారెస్టులోనే ఉండిపోయింది. థింసా కూడా అంతే. కోతలు అయ్యాక, గింజ ఇంటికొచ్చాక, కాళ్లకు తీరిక దొరికాక ఆడే ఆట అది. ఇప్పుడు మంత్రి గారు వస్తే నాట్ల సీజన్లో మధ్యాహ్నం ఎండలో ఆడిస్తున్నారు. ఆట కావాలి, ఆట పుట్టిన చేను వద్దు.

చరిత్రలోనూ ఇదే చేశారు. 1922-24 మన్యం పోరాటం ఎందుకు వచ్చింది? అల్లూరి సీతారామరాజు ఒక్కరే కోపం వచ్చి విల్లు పట్టలేదు. పోడు కొట్టుకోనివ్వలేదు, అడవిలోకి పోనివ్వలేదు, కూలి సరిగ్గా ఇవ్వకుండా రోడ్డు పని చేయించారు. గాం గంటందొర, మల్లుదొర లేచింది అందుకు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది సాగు చేసుకునే నేల కోసం, అడవి మీద పన్నులు, జరిమానాలు వద్దని. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపింది భూమి, అప్పు, కూలి గొడవలో. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లికి గోండులు వచ్చింది భూమి పట్టాలు అడగడానికి, కాల్పుల్లో 13 మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. వీటిలో రైతు పోరాటం కానిది ఏది? అయినా పుస్తకాల్లో రైతాంగ పోరాటాల అధ్యాయం వేరు, ‘గిరిజన తిరుగుబాట్ల’ అధ్యాయం వేరు. మైదానంలో భూమి అడిగితే రైతు ఉద్యమం. కొండ మీద అడిగితే పితూరీ.

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట కూడా విందాం. “పోడు వల్లే అడవి పోతోంది కదా, దాన్ని కూడా వ్యవసాయం అనమంటారా?”

అనమంటాను. పోడులో నరకడం ఎంతో వదలడం అంత. రెండు మూడేళ్లు పండించి, ఆ చోటును ఏళ్ల తరబడి వదిలేసేవాళ్లు. ఇప్ప, మామిడి, చింత, జీలుగు చెట్ల మీద గొడ్డలి వెయ్యరు. వదిలిన చోట అడవి మళ్లీ లేస్తుంది. ఆ వదిలే కాలం ఇప్పుడు తగ్గిపోయింది, నిజమే. మన్ను కొట్టుకుపోతోంది, అదీ నిజమే, మనం దాచుకోనక్కరలేదు. కానీ ఎందుకు తగ్గింది? 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి మొదలుపెట్టి చుట్టూ గీత గీసుకుంటూ వచ్చి, తిరిగే చోటు లేకుండా చేసి, ఉన్న ముక్కలోనే ఏటేటా పండించుకునేలా చేసింది ఎవరు? రైలు పట్టాల కింద వేసిన కొయ్య ఎవరు కొట్టారు? సహజ అడవి తీసి టేకు, నీలగిరి తోటలు ఎవరు వేశారు? మా అవ్వ బొరిగతో అంత అడవి పోయిందంటే ఆ బొరిగను మ్యూజియంలో పెట్టాలి.

రెండో మాట: “అటవీ హక్కు పత్రాలు ఇచ్చారు, వాటికి రైతు సాయం కూడా ఇచ్చారు, ఇంకేం కావాలి?” ఇచ్చారు. కాదనను. పత్రం వచ్చిన ఇంట్లో తేడా నేను కళ్లతో చూశాను. అడుగుతున్నది పత్రం రానివాళ్ల గురించి. పది ఎకరాలు దున్ని రెండెకరాలకు పత్రం వచ్చినవాళ్ల గురించి. పోలవరం ముంపులో పోయే చేనుకు కాగితం లేదు కాబట్టి అది చేనే కాదు అనిపించుకున్న కోయ, కొండరెడ్డి ఇళ్ల గురించి.

ఇక్కడే ఆ ఫారం గడి దగ్గరికి మళ్లీ వస్తాను. అసలు విషయం ఇదే, శ్రద్ధగా చదవండి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమికి, ఒక కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఉంది. భార్యాభర్తలిద్దరి పేరుతో ఇవ్వాలి. క్లెయిముతో కనీసం రెండు సాక్ష్యాలు పెట్టాలి. ఏ సాక్ష్యాలు చెల్లుతాయో ఆ చట్టం నిబంధనల్లో 13వది చెప్తుంది. ప్రభుత్వ రికార్డులే కాదు. భూమి చదును చేసిన గుర్తులు, గట్లు, కట్టలు. బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు. ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం. వాటితోపాటు, పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, ఆచార సంప్రదాయాల మీద రాసిన పత్రాలు.

అర్థమైందా? మన గురించి రాసిన పరిచయం చట్టం ముందు సాక్ష్యం. మంచి పరిచయం రాస్తే హక్కు పత్రానికి దారి. ‘సేకరణ, పోడు, థింసా’ అని రాస్తే, రేపు ఎవరో ఒక అధికారి అదే కాగితం చూపించి “మీవాళ్లు ఇక్కడ వ్యవసాయం చేసినట్టు ఎక్కడుంది?” అంటాడు. గోండుల విషయంలో ఇది జరిగింది చూడండి. భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం పంపితే హైమండార్ఫ్ ఆదిలాబాద్ వచ్చాడు, మార్లవాయిలో ఉండి, గోండులు నాగలి కట్టి దున్నే రైతులని, వాళ్ల భూమి ఎలా చేజారుతోందో కూడా రాశాడు. ఆ రాతల తర్వాత 1940లలో అక్కడ ఆదివాసులకు పట్టాలు వచ్చాయి. రాత ఒక్కటే తేలేదు, ముందు భీం రక్తం ఉంది. కానీ రాతలో ‘రైతు’ అని ఉండటానికి, లేకపోవడానికి ఎంత తేడానో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు ఉపగ్రహ ఫోటోలు పట్టుకొస్తున్నారు. ‘ఇక్కడ చెట్లు కనిపిస్తున్నాయి, సాగు లేదు’ అని క్లెయిము పక్కన పెడుతున్నారు. వదిలిన పోడు పైనుంచి చూస్తే అడవే. నీడ చెట్ల కింద కాఫీ తోట పైనుంచి చూస్తే అడవే. మన సాగు పైనుంచి కనబడదు, చేలోకి దిగితే కనబడుతుంది. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనలే చెప్తున్నాయి. 2019 ఫిబ్రవరి 13న క్లెయిములు తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది, దేశమంతా గొడవైతే ఫిబ్రవరి 28న ఆపింది. ఆపింది, అంతే. ఆ రెండు వారాలు మా ఇంట్లో అన్నం సహించలేదు.

మన తప్పు గురించి కూడా మాట్లాడుకుందాం. చదువుకున్న మనమే ఇవాళ ‘నాన్న ఏం చేస్తారు?’ అంటే ‘వ్యవసాయం’ అనడానికి ఆగుతున్నాం. ప్రొఫైల్ పిక్చర్‌లో విల్లు, ఈకలు పెట్టుకుంటాం, నాగలి పెట్టుకోం. ఆగస్టు 9న ర్యాలీలో డ్యాన్సు ఉంటుంది, విత్తనం ఉండదు. 1/70 చట్టం ఉన్నా పేరు మనది పెట్టి, డబ్బు బయటివాడిది పెట్టి, రోడ్డు పక్క నేల చేతులు మారిపోతుంటే సంతకం పెడుతున్నది మన అన్నదమ్ములే. మన పరిచయాన్ని వాళ్లు తప్పు రాశారని అరిచే ముందు, మనం ఒక్క పేజీ అయినా రాశామా?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వానాకాలం ఒక పని పెట్టుకుందాం. ప్రతి ఊరూ తన పరిచయం తనే రాసుకోవాలి. నోట్‌బుక్, ఫోను చాలు.

1. ఊళ్లో ఎన్ని పంటలు, ఎన్ని రకాల విత్తనాలు? తెలుగు పేరుతో ఆగకండి. కువిలో, సవరలో, గదబలో, కోయలో, గోండిలో ఏమంటారో ఆ పేరే ముందు రాయండి.

2. ప్రతి చేనుకూ ఒక పేరు ఉంటుంది. ఆ పేరు, దున్నుతున్న ఇల్లు, ఎన్ని తరాలుగా, కాగితం ఉందా లేదా, క్లెయిము పెట్టారా, తిరస్కరిస్తే కారణం రాసిచ్చారా.

3. గట్లు, మెట్లు, పాత కళ్లాలు, నాటిన చింత, మామిడి చెట్లు, శ్మశానం, దేవుడి చోటు ఫోటో తీయండి. తేదీ కనబడాలి.

4. పెద్దవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించండి. అవ్వలను వదలొద్దు. విత్తనం కథ వాళ్లకే తెలుసు. పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

5. పండుగలు రాసేటప్పుడు ఏ పంటకు ముందు, ఏ పంట తర్వాత అని రాయండి.

6. అదంతా గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. గ్రామసభ తీర్మానం లేని రాత మన డైరీ అవుతుంది, తీర్మానం ఉంటే రికార్డు అవుతుంది.

సర్వేలకు వచ్చేవాళ్లకు, పరిశోధక విద్యార్థులకు, రీల్స్ తీసే అన్నలకు మేం చెప్పేది ఒకటే. రండి, అంబలి పోస్తాం. కానీ ముందు చేలోకి రండి. ముక్కుపుడక గురించి అడిగే ముందు చేతిలో బొరిగ గురించి అడగండి. మీరు రాసింది ఊరి ముందు చదివి వినిపించి, ఒక కాపీ ఊళ్లో పెట్టి వెళ్లండి.

ప్రభుత్వానికి చెప్పేది కూడా ఎక్కువ లేదు. ‘రైతు’ అనే గడి పట్టా నంబరు అడగడం మానాలి. దున్నుతున్న చేతిని బట్టి రైతు అవుతారు. పెండింగులో ఉన్న, తిరస్కరించిన క్లెయిములన్నీ గ్రామసభ ముందు మళ్లీ తెరవాలి. తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి.

ఈ ఏడాది మా అవ్వ చేను పరిచయం మేం రాశాం. పదకొండు పంటలు, నాలుగు రకాల చోడి, ఒక పేరున్న చేను, మూడు తరాలు. చివర్లో వృత్తి అని రాసి అవ్వను అడిగాను, ఏం రాయమంటావు అని. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. “నాను పంట పండిస్తాను. అదే రాయి” అంది.

అదే రాశాను. వేలిముద్ర వేసింది. వచ్చే గ్రామసభలో పెడుతున్నాం. మీ ఊళ్లో ఎప్పుడు పెడుతున్నారు?

జోహార్. మన చేను, మన అడవి, మన రాత.